బొమ్మ చూపిస్తే పేరు చెబుతాడు, పేరు చెబితే బొమ్మ చూపించలేడు

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మా బాబుకు అయిదున్నరేళ్లు, యూకేజీ చదువుతున్నాడు. ఫ్లాష్ కార్డులు చూపిస్తే గబగబా అరవై దాకా పేర్లు చెప్పేస్తాడు. అవే కార్డులు నాలుగు కింద పరిచి ‘కుక్క ఏదిరా?’ అంటే ఏదో ఒకటి తీసి ఇస్తాడు. ఇంగ్లిష్‌లో వచ్చింది తెలుగులో అడిగితే రాదు. ‘బస్సు పెద్దదా, ఆటో పెద్దదా?’ అంటే ‘ఆటో పెద్దదా’ అని నా మాటే నాకు అప్పజెబుతాడు. దాహమేస్తే ‘నీకు నీళ్లు కావాలి’ అంటాడు. మగపిల్లలకు మాటలు లేటేనని మా అత్తమ్మ అంటారు. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిషే మాట్లాడమని ఒకరు, కార్డులు రెండొందలకు పెంచమని ఇంకొకరు చెప్పారు. రోజూ రాత్రి రెండు గంటలు కూర్చోబెడుతున్నాను. ఇద్దరం ఏడ్చి పడుకుంటున్నాం. ‘నేను చేతగాని తల్లిని’ అన్న మాట తలలోంచి పోవడం లేదు. బాబుకు ఇంట్లో ఏం నేర్పాలి? నాకు ఆ మాట రాకుండా ఎలా చేసుకోవాలి? – ఒక తల్లి

సమాధానం: అమ్మా, అన్నిటికన్నా ముందు బాబుకు వినికిడి పరీక్ష చేయించండి. పిలిస్తే పలుకుతున్నాడు కదా అని వదిలేయకండి. కొద్దిపాటి లోపం ఉన్న పిల్లలు పిలుపుకు తిరుగుతారు, కానీ ‘స’, ‘ష’ లాంటి సన్నటి శబ్దాలు వాళ్లకు అందవు. దాంతోపాటే పిల్లల ఎదుగుదల చూసే డాక్టర్‌తో పూర్తి పరీక్ష చేయించండి. విన్న ప్రశ్నే తిరిగి అనడం, ‘నాకు’ బదులు ‘నీకు’ అనడం రెండూ అయిదున్నరేళ్లకు కూడా ఉంటే ఆటిజం ఉందా, భాష ఆలస్యమా అన్నది చూడాల్సిందే. ఈ రెండు లక్షణాలతోనే ఏదీ తేలదు, అందుకే చూపించమంటున్నాం. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు, చాలామంది ఇంకా పాత పేరుతో ఎన్‌ఐఎంహెచ్ అనే పిలుస్తారు. అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఆ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. మల్కాజిగిరి నుంచి దూరమేమీ కాదు. మగపిల్లలకు మాటలు కొంచెం ఆలస్యం కావడం నిజమే. కానీ ఆ కొంచెం తేడా మీరు రాసిన సంగతులకు సరిపోదు. అపాయింట్‌మెంట్ దొరికేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన పనీ లేదు. కింద రాసినవి ఈ రోజు నుంచే మొదలుపెట్టొచ్చు.

ఇక మీ బాబు విషయం. అరవై కార్డుల పేర్లు చెప్పే పిల్లాడికి జ్ఞాపకం బాగానే ఉంది. అతనికి ఇంకా అలవడనిది వేరు. ఒక వైపు నేర్చుకున్న సంబంధాన్ని రెండో వైపు నుంచి పట్టుకోవడం రాలేదు. ‘ఇది కుక్క’ అని తెలిసిన పిల్లాడికి ‘కుక్క ఏది?’ అంటే ఇదేనని విడిగా నేర్పకుండానే తెలియాలి. పెద్దవాళ్లకు ఇది ఎంత సహజంగా ఉంటుందంటే, దీన్ని కూడా నేర్చుకోవాలా అనిపిస్తుంది. నేర్చుకోవాలి.

ఈ సంగతి మీద గట్టి పరిశోధన 1971లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త ముర్రే సిడ్మన్‌తో మొదలైంది. ఆయన దగ్గరకు వచ్చిన కుర్రాడికి 17 ఏళ్లు, మేధోపరంగా తీవ్రమైన వైకల్యం, చదవడం రాదు. మాట వింటే బొమ్మ చూపించగలడు, బొమ్మ చూస్తే పేరు చెప్పగలడు. అచ్చులో ఉన్న పదం మాత్రం అతనికి వట్టి గీతలే. సిడ్మన్ నేర్పింది ఒక్కటే, మాట విని అచ్చు పదం చూపించడం. అలా 20 పదాలు. అవి వచ్చాక చూస్తే, ఎవరూ నేర్పకుండానే అచ్చు పదానికి సరైన బొమ్మ పెట్టాడు, బొమ్మకు సరైన పదం పెట్టాడు, పదాన్ని చూసి పైకి చదివాడు. మాట, బొమ్మ, అచ్చు పదం అని మూడున్నాయనుకోండి. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లే దార్లు ఆరు. రెండు అతనికి ముందే వచ్చు, ఒకటి నేర్పారు, మిగతా మూడూ వాటంతటవే తెరుచుకున్నాయి.

1982లో సిడ్మన్ బృందం ఇలాంటి పరీక్షే కోతులకు, బబూన్లకు, చిన్నపిల్లలకు పెట్టింది. నేర్పిన వైపు జంతువులు చక్కగా చేశాయి, తిప్పి అడిగితే చేయలేకపోయాయి. పిల్లలు చేశారు. 1986లో ఇంకో పరిశోధనలో మానసిక వయసు సమానంగా ఉన్న పిల్లల్ని తీసుకున్నారు. వాళ్లలో మాటో సైగో వచ్చినవాళ్లకు ఇలా తిప్పడం వచ్చింది, రెండూ రానివాళ్లకు రాలేదు. భాష ఉంటే ఇది వస్తుందా, ఇది ఉంటే భాష వస్తుందా అన్నదాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. స్టీవెన్ హేయస్, డెర్మట్ బార్న్స్-హోమ్స్ తదితరులు 2001లో పుస్తకంగా తెచ్చిన రిలేషనల్ ఫ్రేమ్ సిద్ధాంతం ప్రకారం ఇది అలవాటుగా ఏర్పడే నేర్పు. ఎన్నో ఉదాహరణల్ని రెండు వైపులా చేసి చేసి పిల్లలకు వస్తుంది. మామూలుగా ఇంట్లో రోజుకు వందసార్లు ‘ఇది చెంచా’, ‘చెంచా తే’ అని రెండు వైపులా జరిగిపోతుంటుంది కాబట్టి ఎవరూ గమనించరు. ఎవరి వాదం గెలిచినా తల్లిగా మీరు చేయాల్సిన పని మారదు.

మీ ఫ్లాష్ కార్డుల్లో ఎక్కడ తేడా వచ్చిందో ఇప్పుడు చూడండి. కార్డు ఎత్తి ‘ఇదేంటి?’ అంటారు, బాబు పేరు చెబుతాడు. అరవై కార్డులూ ఒకే దారిలో నడిచాయి. కార్డులు రెండొందలు చేస్తే అదే దారి ఇంకా అరుగుతుంది, రెండో దారి పడదు. అందుకే కార్డులు ఓ నెల అటక మీద పెట్టేయండి. ఇంట్లో వాడే అసలు వస్తువులు తీసుకోండి.

మూడు వస్తువులు చాలు: గ్లాసు, గరిటె, దువ్వెన. రెండే పెడితే గుడ్డిగా తీసినా సగం సార్లు సరిపోతుంది, మూడైతే ఆ వీలు మూడో వంతుకు తగ్గుతుంది. నేల మీద జానెడు ఎడంతో వరసగా పెట్టండి. ‘గరిటె’ అని ఒక్కసారే అనండి. మొదటి రోజు అన్న వెంటనే మీరే వేలితో చూపించండి, బాబు తీసి ఇస్తాడు, మెచ్చుకోండి. మర్నాడు 2 సెకన్లు ఆగి చూపించండి, ఆ తర్వాత 4 సెకన్లు ఆగండి. ఈలోగా తనే తీస్తే మెప్పు రెట్టింపు చేయండి, కావాలంటే గుప్పెడు మరమరాలో, సబ్బు బుడగలో, అతనికి ఏది ఇష్టమైతే అది. ఒక్కో వస్తువు నాలుగుసార్లు, మొత్తం 12 సార్లు. ఇది అయిదు నిమిషాల పని. రోజుకు రెండు మూడు విడతలు, అన్నీ కలిపి ఇరవై నిమిషాలు దాటొద్దు. రాత్రి అన్నం తిన్నాక అస్సలు వద్దు. బడి నుంచి వచ్చి ఏదైనా తిని, కాసేపు ఆడుకున్నాక పెట్టుకోండి.

ఇక్కడ ఎక్కువ ఇళ్లలో జరిగే తప్పులు కొన్నున్నాయి. ప్రతిసారీ వస్తువుల స్థానం మార్చకపోతే పిల్లాడు ‘కుడివైపుది తీయాలి’ అని నేర్చుకుంటాడు. పేరు చెబుతూ మీ కళ్లు ఆ వస్తువు మీదకు వెళ్తే అతను మీ కళ్లు చదువుతాడు, మాట వినడు. అడిగేటప్పుడు అతని ముఖమే చూడండి, లేదా గోడ మీది క్యాలెండర్. ‘గరిటె... గరిటె ఏదిరా... గరిటె నాన్నా’ అని మూడుసార్లు అంటే మూడోసారే లెక్క అని అతనికి అర్థమవుతుంది. తప్పు తీస్తే ‘కాదు’ అని గట్టిగా అనొద్దు. మాట్లాడకుండా వస్తువులు వెనక్కి తీసుకుని, స్థానాలు మార్చి, మళ్లీ అడిగి వెంటనే వేలితో చూపించండి. ఆ తర్వాత తేలికైనది ఒకటి అడిగి, మళ్లీ దానికి రండి. ఒకే గరిటె వాడితే ఆ ఒక్క గరిటె పేరే గరిటె అనుకుంటాడు కాబట్టి స్టీలుది, చెక్కది, పొడవుది, పొట్టిది మార్చండి. సాయం లేకుండా పదికి తొమ్మిది సరిగ్గా, వరసగా రెండు రోజులు, అందులో ఒకరోజు నాన్నో నానమ్మో అడిగినప్పుడు వస్తే అది వచ్చినట్టు.

అసలు కీలకం దీని తర్వాతే ఉంది. బాబుకు పేరే తెలియని కొత్త వస్తువు ఒకటి తీసుకోండి, ఉదాహరణకు అట్లకాడ. ‘అట్లకాడ’ అంటే తీసివ్వడం మాత్రమే నేర్పండి. అది వచ్చాక, తెలిసిన నాలుగైదు వస్తువుల మధ్యలో అట్లకాడ ఎత్తి ‘ఇదేంటి?’ అనండి. ఇది పరీక్ష. ఈ ఒక్కదానికి మెప్పూ లేదు, దిద్దుబాటూ లేదు, మిగతా వాటికి మామూలుగా మెచ్చుకోండి. పేరు చెప్పాడా, సంబంధం తనే తిప్పుకున్నాడు. చెప్పలేదా, ఆ వైపు కూడా నేర్పేయండి. వెంటనే ఇంకో కొత్త వస్తువు, జల్లెడ. ఒక వైపు నేర్పి రెండో వైపు పరీక్షించండి, రాకపోతే నేర్పండి. తర్వాత కవ్వం. ఈసారి వైపు మార్చి, ముందు పేరు చెప్పడం నేర్పి, తీసివ్వడం పరీక్షించండి. ఎన్నో వస్తువు దగ్గర రెండో వైపు నేర్పకుండానే వస్తుందో ముందే చెప్పలేం. కొందరికి నాలుగైదుకు, కొందరికి పాతికకు. వచ్చినరోజు మాత్రం మీకే తెలుస్తుంది, ఆ తర్వాత మాటలు నేర్చుకునే వేగం మారుతుంది. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే తొందరపడతారు. నాలుగో వస్తువు దగ్గర రాలేదని మళ్లీ బట్టీకి వెళ్లిపోతారు. వెళ్లకండి.

ఇంట్లో తెలుగు మానేయమన్న సలహా పక్కన పెట్టండి. రెండు మూడు భాషలు వినడం వల్ల భాష ఆలస్యం కాదు. ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లలకూ అది అడ్డం కాదు. తల్లి నోటికి బాగా వచ్చిన భాషలో మాట్లాడితేనే మాటలు ఎక్కువగా, ముచ్చటగా వస్తాయి. ఇంగ్లిష్‌లో వచ్చింది తెలుగులో రాకపోవడం కూడా మనం చెప్పుకున్న గొడవే. ‘డాగ్’ వింటే కుక్క బొమ్మ, ‘కుక్క’ వింటే అదే బొమ్మ తీసివ్వడం వేర్వేరు రోజుల్లో నేర్పండి. తర్వాత పరీక్ష: ‘డాగ్‌ని తెలుగులో ఏమంటాం?’ బొమ్మ మధ్యలో వారధిగా ఉంది కాబట్టి రెండు మాటలూ కలవాలి. ఒకటి రెండు జతలకు కలవకపోతే ఆ జత నేర్పి కొత్త జతతో చూడండి. చుట్టుపక్కల హిందీలో ‘కుత్తా’ అని వింటాడు కదా, అదీ కలుపుకోవచ్చు. ఈ ఊళ్లో పిల్లలకు ఒక కుక్కకు మూడు పేర్లు దొరుకుతాయి. తిప్పి కలపడం నేర్పడానికి ఇంతకన్నా మంచి ముడిసరుకు లేదు.

‘పెద్దదా, చిన్నదా’ సంగతి. ప్రశ్న అడిగే తీరే బాబును చిక్కులో పెడుతోంది. రెండు ఎంపికలున్న ప్రశ్నకు చివరి మాట తిరిగి అనేయడం ఇలాంటి పిల్లల్లో మామూలే. ప్రశ్న మానేసి ‘పెద్దది ఇవ్వు’, ‘చిన్నది ఇవ్వు’ అనండి. మొదట చెంబు, గ్లాసు. చెంబు పెద్దది. కాసేపాగి గ్లాసు పక్కన టీ కప్పు పెట్టండి, ఇప్పుడు గ్లాసే పెద్దది. తర్వాత చెంబు పక్కన బిందె పెట్టండి, ఇందాక పెద్దదైన చెంబు ఇప్పుడు చిన్నది. ఈ మార్పిడి లేకుండా ఎప్పుడూ బిందెనే ‘పెద్దది’ అంటే ‘పెద్దది’ అన్నది బిందెకు మారుపేరైపోతుంది. పెద్ద అనేది వస్తువులో ఉండదు, పక్కనున్న దానితో పోల్చితేనే పుడుతుంది. బాబుకు ఇది అందాలంటే ఒకే వస్తువు ఒకసారి పెద్దదీ, ఇంకోసారి చిన్నదీ కావాలి. బాగా వచ్చాక ‘చెంబు గ్లాసు కన్నా పెద్దది. మరి గ్లాసు చెంబు కన్నా...’ అని ఆపి చూడండి.

దీని పైమెట్టుకు మీ పర్సులోనే సరంజామా ఉంది. 2011 రకం రెండు రూపాయల బిళ్ల, అదే రకం అయిదు రూపాయల బిళ్ల పక్కపక్కన పెట్టి చూడండి. రెండు రూపాయలది అడ్డంగా 25 మిల్లీమీటర్లు, అయిదుది 23. కంటికి పెద్దది రెండే, విలువకు పెద్దది అయిదు. మూడు నాలుగేళ్ల పిల్లలు రెండు రూపాయల బిళ్లే లాక్కుంటారు. అయిదుకు అయిదు చాక్లెట్లు, రెండుకు రెండు అని చేతికిచ్చి నాలుగుసార్లు చూపిస్తే, కంటిని పక్కనపెట్టి మాటతో పోల్చడం మొదలవుతుంది. అది కూడా దాటాక, ఒకే సైజులో మూడు కాగితపు బిళ్లలు కత్తిరించండి, ఎరుపు, నీలం, తెలుపు. ‘ఎర్రదానికి నీలం కన్నా ఎక్కువ చాక్లెట్లు. నీలానికి తెల్లదాని కన్నా ఎక్కువ. నువ్వు ఏది తీసుకుంటావ్?’ 2007లో బెరెన్స్, హేయస్ చిన్నపిల్లలకు సరిగ్గా ఇలాంటి కాగితపు నాణేలతోనే ఈ పోలిక నేర్పారు. రంగుల వరస ప్రతిసారీ మార్చండి, లేకపోతే ‘ఎరుపు మంచిది’ అని స్థిరపడిపోతుంది. మీ బాబు ఈ మెట్టుకు ఎన్ని నెలలకు వస్తాడన్నది ఇప్పుడు పట్టించుకోవద్దు.

‘నీకు నీళ్లు కావాలి’ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే మీ బాబు వైపు నుంచి చూస్తే అందులో తప్పేమీ లేదు. ఇన్నాళ్లూ ఏం జరిగింది? ‘నీకు నీళ్లు కావాలా?’ అని మీరంటారు, వెంటనే నీళ్లొస్తాయి. కాబట్టి నీళ్లు రావాలంటే అనాల్సిన మాట అదే. చెంబు ఎవరన్నా చెంబే, ‘నాకు’ మాత్రం అనేవాణ్ని బట్టి మారిపోతుంది. అందుకే ఇది కష్టం. మనకు దీని మీద ఇంకో చిక్కుముడి కూడా ఉంది, ‘మనం’ వేరు ‘మేము’ వేరు. దాన్ని ఇప్పుడే ముట్టుకోవద్దు.

‘నీకు కాదు, నాకు అను’ అని దిద్దితే ‘నాకు అను’ అంటాడు. మీరు విసుక్కుంటారు. దీనికి ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. మీరు నీళ్ల గ్లాసుతో బాబు ఎదురుగా కూర్చోండి. మీ ఆయన బాబు వెనక, అతని చెవి దగ్గర. బాబు గ్లాసు వైపు చూడగానే వెనక నుంచి మెల్లగా ‘నాకు నీళ్లు కావాలి’ అనాలి, అది బాబు గొంతే అన్నట్టుగా. బాబు తిరిగి అనగానే గ్లాసు ఇచ్చేయండి. మీరు ప్రశ్న అడగకండి, ఊరికే గ్లాసు పట్టుకుని ఎదురుచూడండి. నాలుగైదు రోజులయ్యాక వెనకాల మాటను కుదించండి: ‘నాకు నీళ్లు...’, ఆ తర్వాత ‘నా...’, ఆ తర్వాత ఏమీ లేదు. మధ్యలో మీ ఆయన కూడా ‘నాకు టీ కావాలి’ అని మిమ్మల్ని అడిగి తీసుకోవాలి, బాబు చూస్తుండాలి. ‘నాకు’ అని ఎవరు అంటే వాళ్లకే వస్తుందని అతనికి కంటికి కనపడాలి.

అది నిలదొక్కుకున్నాక రెండు కప్పుల ఆట. మీ చేతిలో ఎర్ర కప్పు, బాబు చేతిలో నీలం కప్పు. ‘నా దగ్గర ఏ కప్పుంది? నీ దగ్గర ఏ కప్పుంది?’ కప్పులు మార్చుకుని మళ్లీ అడగండి. తర్వాత ప్రశ్నలు బాబు అడగాలి, మీరు చెప్పాలి. ఇది వచ్చాక చోటు: ‘నేను ఇక్కడ మంచం మీద, నువ్వు అక్కడ కుర్చీలో.’ లేచి చోటు మారండి, మళ్లీ అడగండి. పరిశోధకులు కూడా ఇదే వరసలో వెళ్తారు, నేను-నువ్వు, ఇక్కడ-అక్కడ, ఇప్పుడు-అప్పుడు, ఆ తర్వాతే ‘నేను నువ్వైతే, నువ్వు నేనైతే’ అన్న తిరకాసు ప్రశ్నలు. ఎదుటివాళ్ల వైపు నుంచి చూడడం అన్న గుణానికి పునాది ఇక్కడే పడుతుంది. కాలం దగ్గర మీకో హెచ్చరిక: నిన్న, రేపు అని తెలుగులో విడివిడిగా ఉన్నాయి, హిందీలో రెండూ ‘కల్’. ఇక మన హైదరాబాదీ ‘పర్సోం’ మొన్నా కావచ్చు, మూడేళ్ల కిందటా కావచ్చు. కాలం నేర్పేటప్పుడు మాత్రం తెలుగే వాడండి.

ఇప్పుడు మీ సంగతి. ఇది వేరే విషయం కాదు. బాబుకు ఇంకా అలవడని నేర్పు మీకు నిండా ఉంది, అదే మిమ్మల్ని గుచ్చుతోంది. పక్కింటి పిల్లాడు కథల పుస్తకం చదువుతున్నాడని వింటారు, ‘కన్నా’ అనే పోలిక దానంతటదే పుడుతుంది. ఆ పోలిక నుంచి బాబు వెనకబడ్డాడు, వాడి వెనక నేను, నేను చేతగానిదాన్ని, ఇలా ఎవరూ మీకు నేర్పని గొలుసు ఒకటి అల్లుకుంటుంది. 2007లో డౌగర్ బృందం చేసిన ప్రయోగం ఒకటుంది. అర్థం లేని మూడు గుర్తులకు, దీనికన్నా ఇది పెద్దది, దానికన్నా అది పెద్దది అని సంబంధం నేర్పారు. తర్వాత మధ్య గుర్తు కనపడినప్పుడు మాత్రమే చిన్న షాక్ ఇచ్చారు. ఒక్కసారీ షాక్ ఇవ్వని ‘పెద్ద’ గుర్తును చూసి చాలామంది శరీరం ఇంకా ఎక్కువగా ఉలిక్కిపడింది. జరగనిదానికి భయం మాట ద్వారా అలా వచ్చేస్తుంది. వచ్చే ఏడాది ఫస్ట్ క్లాస్ అన్న తలపుకే రాత్రి పదకొండింటికి మీ గుండె దడదడలాడడం అలాంటిదే. మీ బలహీనత ఏమీ లేదు అందులో.

ఆ మాట రాకుండా చేసుకోవడం ఎలా అని అడిగారు. నిజం చెప్పాలి: అలా చేసే ఉపాయం లేదు. ఒకసారి కుదిరిన సంబంధాన్ని తుడిచేయలేం. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 5 నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి తలచుకోవద్దన్నప్పుడు జనానికి అదే తలపు పదేపదే వచ్చింది. వద్దన్నాక స్వేచ్ఛగా ఆలోచించమంటే ఇంకా ఎక్కువ వచ్చింది. ‘చేతగాని తల్లి అనుకోకూడదు’ అన్న వాక్యంలోనే ఆ మాట ఉంది. ఆ మాట వచ్చినా మీ చేతుల్ని అది నడిపించకుండా చూసుకోవడం మాత్రం సాధ్యం. మనస్తత్వశాస్త్రంలో దీన్ని మానసిక సరళత అంటారు.

దీనికి తెలుగు వ్యాకరణమే ఒక పనిముట్టు ఇచ్చింది. ‘నేను చేతగాని తల్లిని.’ ఈ వాక్యం చివర ‘అని’ చేర్చండి. ‘నేను చేతగాని తల్లిని అని మనసు అంటోంది.’ పైకి, మెల్లగా, రెండుమూడుసార్లు అనండి. మాట అదే, కానీ ఇప్పుడు మీరు ఆ మాట లోపల లేరు, దాన్ని వింటున్నారు. అబద్ధమని దానితో వాదించొద్దు, వాదిస్తే అది ఇంకో నాలుగు సాక్ష్యాలు తెస్తుంది.

రెండోది ఒక పాత పద్ధతి, టిచెనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వందేళ్ల కిందట రాసిందే. ముందు ‘నిమ్మకాయ’ అనుకోండి, నోట్లో నీరూరుతుంది. ఇప్పుడు ‘నిమ్మకాయ నిమ్మకాయ నిమ్మకాయ’ అని గబగబా 30 సెకన్లు పైకి అనండి. మాట వట్టి చప్పుడైపోతుంది. తర్వాత మీ వాక్యంలోంచి గుచ్చే ఒక్క పదం, ‘చేతగాని’, తీసుకుని అలాగే 30 సెకన్లు. మసుదా, హేయస్ బృందం 2004లో పరీక్షిస్తే ఇలా చేశాక తమ గురించి తాము అనుకునే చేదు మాటల బాధ, నమ్మకం రెండూ తగ్గాయి. చేసే ముందు, చేశాక, ఎంత బాధిస్తోంది, ఎంత నిజమనిపిస్తోంది అని 0 నుంచి 10 దాకా రాసుకోండి. వాక్యం మొత్తం వాడొద్దు, పొట్టి పదం ఒక్కటే తీసుకోండి. ఏడుపు ముంచుకొచ్చిన క్షణంలో కాకుండా మధ్యాహ్నం తీరిగ్గా ఉన్నప్పుడు చేయండి. మాటను తరిమేయడానికి చేస్తే వెగ్నర్ ఎలుగుబంటి కథే మళ్లీ మొదలవుతుంది.

మూడోది నియమాల గురించి. ‘రెండు గంటలు కూర్చోబెట్టకపోతే వాడు వెనకబడిపోతాడు’ అన్నది మీరు పెట్టుకున్న నియమం. ఒకరు చెప్పిన నియమం పట్టుకున్నవాళ్లు పరిస్థితి మారినా అదే పని చేస్తూ పోతారని 1986లో హేయస్ బృందం ప్రయోగాల్లో తేలింది, ఫలితం ఎదురుగా కనపడుతున్నా సరే. దానికి విరుగుడు ఒక నోటుపుస్తకం. రోజూ విడతకు ఒక వరస: వస్తువు, సాయం లేకుండా వచ్చినవి, సాయంతో వచ్చినవి, తప్పినవి. పక్కన ఇంకో గడిలో బాబు ఎన్నో నిమిషంలో లేచిపోయాడు. వారం తర్వాత ఆ పేజీ చూస్తే, ఎనిమిదో నిమిషం దాటాక తప్పులే ఎక్కువని తేలొచ్చు. అప్పుడు రెండు గంటలు తగ్గించమని మేం చెప్పనక్కర్లేదు, పేజీయే చెబుతుంది.

మిగిలిన గంటన్నర మీరు ఎందుకు తల్లయ్యారో ఆ పనికి పెట్టండి. బాబుకు బస్సులు ఇష్టమైతే సాయంత్రం రోడ్డు పక్కన నిలబడి బస్సులు చూడండి, ప్రశ్నలు అడక్కండి. ‘చేతగాని తల్లిని అని మనసు అంటోంది’ అన్న మాట అక్కడికీ వస్తుంది. రానివ్వండి, చేయి పట్టుకుని మీరు నిలబడే ఉంటారు.

ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి తప్పి, ఏ పనీ మనసుకు పట్టకుండా ఉంటే, బతకడం ఎందుకన్న తలపు ఒక్కసారి వచ్చినా, ఈ ‘అని’ అభ్యాసం సరిపోదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో ఓపీ ఉంది. అలాగే ఇంట్లో ఎవరి మాటలైనా మిమ్మల్ని రోజూ నలిపేస్తుంటే, వాటిని సహించడం సరళత కాదు. మీ ఆయనతో కూర్చుని మాట్లాడండి. బాబు వెనక కూర్చునే పని ఆయనదే కాబట్టి ఎలాగూ ఆయన్ని కూర్చోబెట్టాల్సిందే.

నాలుగు వారాల నోటుపుస్తకం పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టర్‌కు, స్పీచ్ థెరపిస్ట్‌కు చూపించండి. ‘మాటలు సరిగ్గా రావడం లేదు’ అనడం కన్నా ‘పేరు చెబితే తీసివ్వడం 9/10, వస్తువు చూసి పేరు చెప్పడం కొత్త వస్తువుకు 0/3’ అన్న వరస వాళ్లకు ఎంతో పనికొస్తుంది. సంబంధాలు నేర్పి ఐక్యూ పెంచుతామనే యాప్‌లకు ఇప్పుడే డబ్బు కట్టకండి. తొలి అధ్యయనాలు చాలా కొద్దిమంది పిల్లలతో చేసినవి, అవీ మీ బాబు లాంటి పిల్లల కోసం కాదు.

రేపు సాయంత్రం గ్లాసు, గరిటె, దువ్వెనతో మొదలుపెట్టండి. గరిటె రెండుసార్లు వరసగా ఒకే చోట ఉండకుండా చూసుకోండి.